రెండో ముద్రణలో లేని పేజీలు

ఒక మనిషి చావు నా మీద ఉంది. చాలా ఏళ్లుగా ఉంది. పోలీసులు నన్ను ఏమీ అడగలేదు, ఏ కోర్టూ నన్ను పిలవలేదు, ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు. తరగతిలో నేరం గురించి, శిక్ష గురించి గొంతెత్తి చెబుతుంటాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఏమీ అడగకండి. ఆగితే మళ్లీ మొదలుపెడతానన్న నమ్మకం నాకు లేదు.

నాది నల్గొండ. లా కాలేజీలో క్రిమినల్ లా చెబుతాను. కొత్త జిల్లాలు ఏర్పడిన రోజుల్లో ఒక పుస్తకం మొదలుపెట్టాను. హత్య కేసుల్లో కళ్లారా చూసిన సాక్షులు కోర్టుకు వచ్చి, నాకేమీ తెలియదని ఎందుకు మాట మారుస్తారు? అదీ విషయం. తెలుగులోనే రాయాలనుకున్నాను. మన భాషలో అలాంటి పుస్తకం లేదని అందరితో చెప్పుకునేదాన్ని. నిజం చెప్పాలంటే, ప్రొఫెసర్ కావడానికి నాకు ఒక పుస్తకం కావాలి. ఆ రెండింట్లో ఏది ముందు? అప్పుడు నన్ను నేను అడగలేదు.

మక్తల్ వైపు ఒక ఊళ్లో బోరు నీళ్ల దగ్గర దాయాదులు కొట్లాడుకుని ఒక రైతును పట్టపగలు నరికేశారు. కేసు కొట్టేశారు. చూసిన మనిషి ఒక్కతే. గొర్రెలు కాసుకునే ఆవిడ. ఇక్కడ తిప్పమ్మ అంటాను. అది అసలు పేరు కాదు. పేరు మారిస్తే చాలనుకున్నందుకే ఇదంతా జరిగిందని తెలిసి కూడా మళ్లీ మార్చే చెబుతున్నాను. కాకపోతే ఇప్పుడు ఆమె దగ్గర దాచాల్సిందేమీ మిగల్లేదు.

కోర్టులో ఆమె, ఆ రోజు నేను ఆ దిక్కుకే పోలేదు అని చెప్పింది. తీర్పు చదివి ఆమెను వెతుక్కుంటూ వెళితే ముందు తలుపు కూడా తీయలేదు. ఆమె చెల్లెలి భర్త బీరప్ప నాకు సాయం చేశాడు. "మా వదిన లోపల్లోపల కుళ్లిపోతాంది మేడం. ఎవలకన్న చెప్పుకుంటే జర నిమ్మళపడ్తది" అన్నాడు. అతనే ఆమెకు నచ్చజెప్పాడు. మాట్లాడినప్పుడు ఆ గదిలో ఉన్నది మేం ముగ్గురమే.

ఆమె చెప్పింది ఇది. గట్టు కింద ఒర్రెలో, చిన్న వాగు పల్లంలో, ఒక గొర్రె ఈనుతోంది. పిల్ల అడ్డం తిరిగింది. ఆమె చెయ్యి లోపల పెట్టి పిల్లను సర్దుతుండగా గట్టు మీద అరుపులు వినిపించాయి. తల ఎత్తింది. ఒకడు రైతు కాళ్లు పట్టుకున్నాడు, ఒకడు గొడ్డలి ఎత్తాడు. మొదటి దెబ్బకు భుజం వేలాడింది. అతను దండం పెట్టబోయాడు, ఒక చెయ్యే లేచింది. అప్పుడు గొర్రె అరవబోయింది. అరిస్తే వాళ్లు ఒర్రెలోకి వస్తారు. ఆమె రెండో చేత్తో దాని నోరు మూసింది. గట్టు మీద దెబ్బలు పడుతున్నంతసేపూ మూసే ఉంచింది. గట్టు మీద చప్పుడు ఆగింది. ఆమె చేతి కింద గొర్రె కూడా ఆగిపోయింది. పిల్ల లోపలే చచ్చింది. సాయంత్రం ఆ గొర్రెను భుజాన వేసుకుని ఊళ్లోకి వస్తే అందరూ చూశారు. ఈనలేక చచ్చిందని చెప్పింది. "నాది ఎక్కడ రాయకు బిడ్డా. నా పేరు, ఊరు ఏదీ వద్దు" అంది. రాయనని మాటిచ్చాను.

ఇంటికొచ్చి ఒక్క బిగిన రాశాను. నా జీవితంలో అంత బాగా మరెప్పుడూ రాయలేదు.

పేరు మార్చాను. ఊరు తీసేశాను. గొర్రెను మాత్రం ఉంచాను. నాకు చదువు చెప్పిన పెద్దాయన రాతప్రతి చదివి, "ఈ గొర్రె సంగతి తీసెయ్యమ్మా, ఊళ్లో ఎవరు చదివినా మనిషిని పట్టేస్తారు" అన్నారు. ఊళ్లో లా పుస్తకం ఎవరు చదువుతారు సార్ అన్నాను. నవ్వాను కూడా. ఆయన అన్నదానికి నాకు కోపం రాలేదు, భయం వేయలేదు. ఆ రెండు పేజీలు తీస్తే పుస్తకంలో ఏముంటుందన్న దిగులు మాత్రమే వేసింది. దాన్ని తెలియక చేసిన తప్పు అంటారా? నేను అనలేను.

పుస్తకావిష్కరణ మహబూబ్‌నగర్‌లో జరిగింది. వకీళ్లు చాలామంది వచ్చారు. సభ అయ్యాక ఒక నడివయసు వకీలు పుస్తకం కొని సంతకం కోసం తెచ్చాడు. పేరు చెప్పాడు. ఆ పేరు రాస్తుంటే ఎక్కడో చూసినట్టు అనిపించింది. పెన్ను ఆగలేదు. ఆయన సరిగ్గా ఆ పేజీలు తెరిచి, "గొర్రె ముచ్చట చదువుతుంటే ఒళ్లు జలదరించింది మేడం. మన పాలమూరుదేనా?" అన్నాడు. పొగడ్తకు ఉబ్బిపోయాను. "మక్తల్ వైపు" అన్నాను.

అంతే. రెండు మాటలు.

ఇంటికి వెళ్లి తీర్పు కాగితాలు తీసి చూసుకున్నాను. ముద్దాయిల తరఫు వకీలు అతనే. చచ్చిపోయిన రైతు కుటుంబం వేసిన అప్పీలు ఇంకా హైకోర్టులో ఉంది. ఆ సాక్షి నోరు విప్పిందంటే ముద్దాయిలు ఊరుకోరని నాకు తెలుసు. నేను రాసిన పుస్తకమంతా ఆ సంగతే. బీరప్పకు ఫోన్ చేసి జాగ్రత్తగా ఉండమని చెప్పవచ్చు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. ఎందుకు అని అతను అడిగితే ఏం చెప్పాలి? చేయకుండానే పెట్టేశాను.

కొన్నాళ్లకు ఆ ముద్దాయిలు మధ్యాహ్నం పూట తిప్పమ్మ మంద దగ్గరికి వచ్చారు. ముందు కుక్కను చంపారు. తరువాత గొర్రెల కాళ్ల మీద గొడ్డళ్లతో కొట్టుకుంటూ పోయారు. కాళ్లు తెగిన గొర్రెలు పడుతూ లేస్తూ ఒకదాని మీద ఒకటి పడి అరుస్తుంటే తిప్పమ్మ వాటి మధ్యకు పరుగెత్తింది. జుట్టు పట్టి ఈడ్చారు. ఒకడు ఛాతీ మీద మోకాలు పెట్టాడు. ఇంకొకడు గొడ్డలి తిరగేసి దాని మొద్దు వైపుతో నోటి మీద కొట్టాడు. పళ్లు రాలిపోయినా ఆగలేదు. దవడ విరిగి పక్కకు జారాక ఆగాడు.

ఈ సంగతి నాకు ఫోన్‌లో చెప్పింది బీరప్పే. ఏడుస్తూ చెప్పాడు. దవాఖానకు అతనే మోసుకెళ్లాడు.

నేను దవాఖానకు వెళ్లేసరికి ఆమె దవడకు తీగలు కట్టారు. ముఖం ముఖంలా లేదు. కొడుకు రాములు మంచం చివర నిలబడి ఉన్నాడు. బీరప్ప మందుల కోసం కిందికి వెళ్లాడు. ఆమె నన్ను దగ్గరకు రమ్మని సైగ చేసింది. బిగించిన దవడల మధ్య నుంచి ఒక్కో మాటా బయటికి లాగింది.

"ఆడు జుట్టు వట్టుకొని అన్నడు బిడ్డా. గొర్రె నోరు మూసినవు గదనే, నీ నోరు ఎందుకు మూసుకోకపోతివి అని."

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

"గా ముచ్చట నాకు, నీకు, బీరప్పకే ఎర్క. ఆళ్లకెట్ల తెలిసింది? నీ పుస్తకంల నా పేరు రాసినవా?"

"లేదవ్వా. నీ పేరు రాయలే. ఊరు పేరు సుత రాయలే."

"ఒట్టు?"

"ఒట్టవ్వా."

అబద్ధం కాదు కదా? పేరు రాయలేదు. ఊరు రాయలేదు. అడిగిన దానికి మాత్రమే జవాబు చెప్పు, అడగని దాని జోలికి పోకు అన్నది ముద్దాయికి వకీలు నేర్పే పాఠం. నేనే తరగతిలో చెబుతాను. ఆ చావు బతుకుల మంచం పక్కన నిలబడి ఆమె చేయి పట్టుకుని అదే చేశాను.

"అయితే చిన్నాయిననే" అన్నాడు రాములు.

నెమ్మదిగానే అన్నాడు. బీరప్ప ఎండాకాలంలో ఎరువు కోసం ముద్దాయిల పొలాల్లోనే మంద పెట్టేవాడు. వాళ్లతో మాట్లాడేవాడు, వాళ్లింట్లో అన్నం తినేవాడు. రాములు ఆ లెక్కలన్నీ మనసులో కట్టుకుంటున్నాడని నాకు కనబడుతూనే ఉంది. కాదు, నేనే అని ఒక్క మాట అనాలి. తల వంచుకున్నాను. రాములు దాన్ని ఔననే అర్థం చేసుకున్నాడు. ఔననే అర్థం కావాలనే వంచానా? ఇన్నేళ్లుగా ఈ ఒక్క ప్రశ్న దగ్గరే తిరుగుతున్నాను. భయంతో వంచానని కొన్ని రోజులు అనుకుంటాను. ఇంకొకరి మీదికి పోతోంది, పోనీ అని ఆ క్షణంలో నా లోపల ఏదో ఊపిరి పీల్చుకుంది. అదీ నిజమే.

తిప్పమ్మను ఇంటికి తెచ్చిన కొన్నాళ్లకు, గొర్రెలకు నీళ్లు పెట్టే తొట్టి దగ్గర రాములు బీరప్పను నరికాడు. కొడవలితో మెడ మీద. బీరప్ప భార్య మాసమ్మ అక్కడే ఉంది. అడ్డం వెళితే ఆమె అరచెయ్యి చీలిపోయింది. బీరప్ప తొట్టి మీదికి ఒరిగి, "నేను చెప్పలేరా, నేను చెప్పలే" అంటూనే ఉన్నాడట. ఆ మాట ఆగేదాకా రాములు నరికాడట. తొట్టిలో నీళ్లు ఎర్రబడ్డాయని, దాహంతో ఉన్న గొర్రెలు అవే తాగాయని పేపర్లో రాశారు. ఆ పేపరు కాలేజీ స్టాఫ్ రూములో నిలబడి చదివాను. చదివి క్లాసుకు వెళ్లాను.

రాములుకు యావజ్జీవం పడింది. ఈసారి సాక్షి మాట మార్చలేదు. మాసమ్మ కోర్టులో నిలబడి చూసింది చూసినట్టు చెప్పింది. తిప్పమ్మ మీద దాడి చేసిన వాళ్ల కేసు మాత్రం, ఆమె మళ్లీ ఎవరి పేరూ చెప్పకపోవడంతో, రుజువు లేక కొట్టేశారు. ఆ వకీలు నా దగ్గర ఏం అడిగాడో, నేను ఏం చెప్పానో ఒక వాంగ్మూలం ఇస్తే దర్యాప్తుకు ఒక దారి దొరికేది. ఇవ్వలేదు. సాక్షులు ఎందుకు మౌనంగా ఉంటారో పుస్తకం రాసిన నేను.

ఆ పుస్తకం మీదే ప్రొఫెసర్ని అయ్యాను. రెండో ముద్రణ వచ్చినప్పుడు ఆ రెండు పేజీలు తీసేసి, ముందుమాటలో 'స్వల్ప మార్పులతో' అని రాశాను.

ఈ ఏడాది ఒక విద్యార్థిని లైబ్రరీ నుంచి పాత ప్రతి తెచ్చి క్లాసులో లేచి నిలబడింది. ఆ పేజీలు గట్టిగా చదివింది. "ఇంత మంచి భాగం కొత్తదాంట్ల ఎందుకు లేదు మేడం?" అని అడిగింది. పేజీలు ఎక్కువయ్యాయని చెప్పాను. ఇంకో అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే ఒళ్లు గగుర్పొడిచింది. ఆ వారమే తిప్పమ్మ ఊరికి బస్సెక్కాను.

అక్కాచెల్లెళ్ల ఇళ్లు ఒకే గల్లీలో ఎదురెదురుగా ఉంటాయి. బీరప్ప పోయినప్పటి నుంచి మాటల్లేవు. ఊళ్లో మాసమ్మను, సొంత వదినను అప్పజెప్పినోని పెండ్లాం అనే పిలుస్తున్నారట. ముందు ఆమె దగ్గరికే వెళ్లాను. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. వకీలు సంగతి, దవాఖానలో ఒట్టు సంగతి, తల వంచుకున్న సంగతి. ఆమె చివరిదాకా విన్నది. తరువాత నా రెక్క పట్టుకుని గల్లీ దాటించి అక్క వాకిట్లోకి నెట్టింది. మోకాళ్ల మీద పడ్డాను.

"మల్ల చెప్పు. దానికి గూడ చెప్పు. ఊరంత ఇననియ్యి" అని అరిచింది.

మళ్లీ చెప్పాను. జనం మూగారు. తిప్పమ్మ నన్ను చూడలేదు. వంకర తిరిగిన దవడతో చెల్లెల్నే చూస్తూ ముందుకొచ్చి ఆమె కాళ్ల మీద పడబోయింది. మాసమ్మ వెనక్కి జరిగింది.

"గీమె చెప్పినా చెప్పకపోయినా నరికింది నీ కొడుకే. నా కాళ్లు వట్టకు." తరువాత నా వైపు తిరిగింది. "నా మొగడు చెప్పలేదని నాకు ఎప్పుడో ఎర్క. నువ్వొచ్చి చెప్పేదేంది? జైల్ల ఉన్నోనికి వొయ్యి చెప్పు. ఆనికి తెల్వాలె."

జనంలోంచి ఎవరో ఒక మట్టిపెడ్డ విసిరారు. చెవి పక్కన తగిలింది. ఇంకొకటి వీపు మీద. ఎవరూ ఆపలేదు. ఆపాలని నేనూ అనుకోలేదు. తిప్పమ్మ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

పోలీసుస్టేషన్‌లో వాంగ్మూలం రాసిచ్చాను. వాళ్లు ఏం చేస్తారో తెలియదు. రాములును కలవడానికి జైలుకు అర్జీ పెట్టుకున్నాను. అతను నన్ను చూడనంటే, అదీ అతని హక్కే.

ఆ రోజు మక్తల్‌లో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. చెవి దగ్గర రక్తం ఎండి గుచ్చుకుంటోంది. దేవరకద్ర రాకముందే నిద్ర పట్టేసింది. కలలు లేని నిద్ర. కండక్టర్ భుజం తట్టి లేపేదాకా మెలకువ రాలేదు. అంత మంచి నిద్రకు నాకు ఏ అర్హతా లేదు. అయినా పట్టింది.