రూతమ్మక్క క్రిస్మస్ జాకెట్టు

మొన్న పత్తర్‌గట్టిలో దుకాణదారు శాటిన్ తాను విప్పగానే కొత్త బట్ట వాసన ముక్కుకు తగిలింది. బట్ట వేళ్ళ మధ్య జారుతుంటే, నేను దేనికి వచ్చానో మరిచిపోయి నిలబడ్డాను. రూతమ్మక్క గుర్తొచ్చింది. ఐదో తరగతితో బడి మానినదాన్ని, రాయాలంటే భయమే. అయినా ఆమెను చూడనివాళ్ళకు ఆమె సంగతి చెప్పాలనిపించింది.

డెబ్బైల్లో మేము సంతోష్‌నగర్‌లో పాలవ్యాపారం చేసేవాళ్ళం. మా సందు చివర రూతమ్మక్క ఇల్లు. భర్తది సర్కారు ఫ్యాక్టరీలో పని. ఆమె వరండాలో మిషను పెట్టుకొని జాకెట్లు కుట్టేది. చర్చికి వెళ్ళే ఆడవాళ్ళలో చాలామంది పండుగ జాకెట్లు ఆమె దగ్గరే కుట్టించుకునేవారు. పేడ ఎత్తుతున్న నన్ను చూసి, ఈ పిల్లకు పని నేర్పుతాను పంపమని మా బాపును అడిగింది. బాపు క్రిస్మస్ దాకా గడువు పెట్టాడు. అప్పటికి కత్తిరించడం రాకపోతే మళ్ళీ బర్రెల కొట్టంలోకే అన్నాడు.

కాజాలు, హుక్కులు తొందరగానే వచ్చాయి. బట్ట మీద కత్తెర పెట్టాలంటే మాత్రం భయం, పాత కాగితాల మీదే కోసేదాన్ని. పండుగ దగ్గరపడ్డాక ఆమె తన ఎర్ర శాటిన్ ముక్క నా ముందు పరిచింది. తన పండుగ జాకెట్టు నన్నే కొయ్యమంది. ఇంకొన్నాళ్ళు కాగితమే కోస్తానని బతిమాలాను.

"కాయిదానికి చెయ్యి భయపడది బిడ్డా. భయపడుకుంటనే కొయ్యాలె. గప్పుడే పని వస్తది" అంది.

బట్ట తక్కువుందని జాకెట్టు చేతులు రెండూ మడత వెయ్యకుండా విడివిడిగా కోశాను. రెండూ ఒకే వైపు చేతికి సరిపోయేట్టు వచ్చాయి. శాటిన్‌కు ఒక పక్కే మెరుపు. ఒకదాన్ని తిరగేసి కుడితేనే జాకెట్టవుతుంది, తిరగేస్తే ఆ చెయ్యి వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చి పేడ తట్ట నేనే ఎత్తుకున్నాను.

క్రిస్మస్ పొద్దున ఆమె కొట్టం దగ్గరికే వచ్చింది. చేతులు కడుక్కొని చర్చికి రమ్మంది. ఒంటిమీద నేను కోసిన జాకెట్టే, తనే కుట్టుకుంది. ఒక చెయ్యి మెరుస్తోంది, ఒకటి వెలిసింది. నేను ఆమె వెనక నాలుగడుగుల దూరంలో నడిచాను. చర్చిలో ఆమె నెత్తిన కొంగు కప్పుకుంటే రెండు చేతులూ దాగిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను. ప్రార్థన అయ్యాక ఆవరణలో చాయ్ పంచడానికి లేచి, కొంగు తీసి నడుములో దోపుకుంది. నేను గోడకు అతుక్కుపోయాను.

ఎప్పుడూ ఆమె దగ్గరే కుట్టించుకునే ఒకామె గ్లాసు అందుకుంటూ, "ఏందక్కా, పండుగ పూట రెండు రంగుల జాకెట్టు? కండ్లు కనవడ్తలేవా?" అంది. నలుగురూ నవ్వారు.

రూతమ్మక్క నా చెయ్యి పట్టి ముందుకు లాగింది. "నేను కొయ్యలే. గీ పిల్ల కోసింది, నా దగ్గర పని నేర్చుకుంటున్నది. మెడ చూడు, ఎంత మంచిగ కూసున్నదో."

అందరూ మెడ చూశారు. ఆ జాకెట్టులో మంచిగా వచ్చింది కూడా ఒకటుందని నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

తిరిగి వచ్చేటప్పుడు మా ఇంటి ముందు ఆగి, రేపటినుంచి పిల్లను పంపమని బాపుతో అంది. బాపు ఆ వెలిసిన చెయ్యి వంక చూశాడు.

"గింత పాడు చేసినంక గూడ పంపుమంటున్నవా అక్కా?"

"పాడు చేసినంకనే పంపుమంటున్న. ఇంక గా తప్పు జన్మల చెయ్యది."

బాపుకు నవ్వు ఆగలేదు. మర్నాడు నా చేతిలో పేడ తట్ట లేదు.

చర్చి దగ్గర ఎగతాళి చేసినామె మళ్ళీ అక్క వరండా ఎక్కలేదు, ఆమె చుట్టాలు కూడా కుట్టించుకోవడం మానేశారు. ఆ గిరాకీ పోయిన మాట రూతమ్మక్క నా దగ్గర ఒక్కనాడూ ఎత్తలేదు. నా మొదటి కూలి నా చేతిలోనే పెట్టి, పోస్టాఫీసుకు తీసుకుపోయి నా పేరునే ఖాతా తెరిపించింది.

ఇప్పుడు నా దగ్గరా ఆడపిల్లలు పని నేర్చుకుంటారు. నా మంచి బట్టే వాళ్ళ ముందు పరుస్తాను. అంతవరకు ఆమెలాగే చేస్తున్నాను. వాళ్ళు పాడు చేసినవి మాత్రం ఇంట్లోనే విప్పి సరిచేసుకుంటాను. ఒక్కసారైనా అట్లాగే వేసుకొని పెళ్ళికో పండుగకో పోవాలని అనుకుంటాను. ఇంతవరకు నా వల్ల కాలేదు.