విప్పి పంపిన కుట్లు

ఆ అపార్ట్‌మెంటులో ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు. కింది అంతస్తులో మెట్ల కింద, మనిషి నిటారుగా నిలబడితే తల తగిలే చోట, ఒక కుట్టుమిషను, ఒక స్టూలు వేసుకుని, గోడకు మేకులు కొట్టి దారపు ఉండలు తగిలించుకుని ఇరవై ఏళ్ళకు పైగా కూర్చుంది. అందుకని చిన్నా పెద్దా అందరికీ ఆమె మెట్ల కింద అక్క.

కొత్త బట్టలు కుట్టేది కాదు. రాక కాదు, ఇష్టం లేక. "కొత్తవి ఎవరైనా కుడతారు. పాతదాన్ని మళ్ళీ తొడుక్కునేలా చెయ్యడంలో ఉంది పనితనం" అనేది. ప్యాంట్ల జిప్పులు మార్చేది, పిల్లల గౌన్లు మడత విప్పి పొడుగు చేసేది, పొట్ట పెరిగినవాళ్ళ కోట్లు వాళ్ళకు నామోషీ కాకుండా వదులు చేసేది. అన్నిటికీ మించి కాలరు తిప్పడం. చొక్కా కాలరు మెడ దగ్గర అరిగి పీచు లేస్తే, దాన్ని జాగ్రత్తగా ఊడదీసి, అరిగిన వైపు కిందికి పోయేలా తిరగేసి మళ్ళీ కుట్టేది. ఆ చొక్కా తొడుక్కున్నవాడి పెళ్ళానికి కూడా తేడా తెలిసేది కాదు. నాలుగో అంతస్తు లాయరుగారైతే, "అక్కా, నా మొదటి కేసు గెలిచిన చొక్కా ఇది, దీన్ని చావనివ్వకు" అని తెచ్చి ఆమె చేతుల్లో పెట్టేవాడు. ఆ మాటకు ఆమె ఆ రోజంతా పొంగిపోయేది. ఎవరి పిచ్చి వారికానందం అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి గానీ, ఆమెకు బతుకంటే అదే.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకు ఇంట్లో తోచదు, బయటికి వెళితే దగ్గు. "ముప్పై ఏళ్ళు ఈ ఊరికి పొగ కొట్టాను, ఇప్పుడది తిరిగి నాకు కొడుతోంది" అని తన మీద తనే జోకులు వేసుకునేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, గట్టిగా అరవడు. ఇలాంటివాళ్ళతోనే వచ్చింది చిక్కు. చెడ్డవాడైతే ఒక కన్నేసి ఉంచుతాం.

ఆయన తమ్ముడు గంటన్నర బస్సు ప్రయాణం దూరంలో ఒక చిన్న ఊళ్ళో ఇల్లు తీసుకున్నాడు. దూరపు కొండలు నునుపంటారు. ఈ కొండ మరీ అంత దూరం కూడా కాదు, అయినా నునుపుగానే కనపడింది ఆయనకు. ఇంక మనమూ అక్కడే ఇల్లు తీసుకుందామని చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం మొదలుపెట్టాడు.

"అక్కడ కిటికీ తెరిస్తే చెట్లు. ఇక్కడ తెరిస్తే ఏముంది? ఎదురింటివాడి చిరుగు బనియన్లు."

"ఆ చిరుగులే కదండీ నా పని" అంది ఆమె.

"అబ్బ, నీ పని నీ పని! పని ఎక్కడైనా ఉంటుంది."

"ఉంటే వస్తాను. అక్కడ నా దగ్గరికి ఎవరొస్తారో అది చెప్పండి ముందు."

ఇల్లు ఎంత పెద్దదని గానీ, నీళ్ళు వస్తాయా అని గానీ ఆమె అడగలేదు. ఏడాది పొడుగునా ఆ ఒక్క ప్రశ్నే అడిగింది. ఆయన మళ్ళీ చెట్ల సంగతే ఎత్తుకునేవాడు. ఆమెకు సెలవు ఆదివారమే కాబట్టి ఆదివారాలు ఆ ఊరు తీసుకెళ్ళేవాడు. వీధి నిండా జనం, అంగళ్ళ ముందు కబుర్లు, సైకిళ్ళ మీద పిల్లలు. బాగానే ఉందనిపించేది. అయినా, "జనం ఉంటే సరా, వాళ్ళు చిరుగుబట్టలు కుట్టించుకునే రకమో పారేసే రకమో" అని తిరుగు బస్సెక్కేది.

ఒక ఆదివారం తోటికోడలు ఒక సంచీ తెచ్చి ఆమె ముందు పెట్టింది. "అక్కా, మా వీధివాళ్ళు ఇచ్చారు. ఇక్కడ పాతవి సరిగ్గా బాగుచేసేవాళ్ళు లేరట. నీ సంగతి చెప్తే ఎగిరి గంతేశారు."

ఆమె సంచీని ఒళ్ళోకి తీసుకుని అక్కడే విప్పి చూసింది. రెండు చొక్కాలు, ఒక కోటు, పిల్లల ప్యాంట్లు. చూసి ఆశ్చర్యపోయింది. ప్రతిదానికీ పాత కుట్టు ముందే విప్పి ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఈ పనిలో సగం చాకిరీ విప్పడంలోనే ఉంటుంది. పాత కుట్టు తీస్తే గానీ కొత్త కుట్టు పడదు. బట్టకు గాటు పడకుండా ఒక్కొక్క దారమూ తెంపుకుంటూ పోవాలి. కళ్ళు పోయేదీ, మెడ పట్టేదీ అక్కడే. సిటీలో ఎవడికి పట్టింది? సంచీలో కుక్కి తెస్తారు, స్టూలు మీద పడేస్తారు, సాయంత్రానికి కావాలంటారు. ఈ ఊరివాళ్ళు అలా కాదు, ఓపిగ్గా కూర్చుని కుట్లు విప్పి పంపారు. దారం కొసలు సమంగా, నున్నగా ఉన్నాయి. బట్ట ఎక్కడా చెక్కు చెదరలేదు.

తిరుగు బస్సులో మొగుడితో అంది, "టైలరు కష్టం తెలిసిన ఊరండీ ఇది."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "నే చెప్పలే?" అన్నాడు.

మామూలు మనిషైతే కుట్లు నీటుగా ఊడొచ్చిన బట్టలు చూసి, ఇదేమిట్రా, వాడితే ఇలా ఊడుతుందా అని అనుమానపడేది. వాడుకలో తెగిన దారం పీచు పీచుగా ఉంటుందని ఆమెకు తెలియక కాదు. పొద్దున లేస్తే ఆమె చూసేది అదే. తెలిసీ, దాన్ని మర్యాద అనుకుంది. టైలరు మాత్రమే చెయ్యగల పొరపాటు అది. తన కష్టాన్ని ఎవరో ఎరిగున్నారని తెలిస్తే, ఎంత తెలివైన మనిషికైనా కళ్ళు కాస్త మసకబారతాయి మరి.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ ఒక సంచీ సిద్ధంగా ఉండేది. కుట్టి తీసుకెళితే మెచ్చుకోళ్ళు కూడా వచ్చేవి, తోటికోడలి నోటి ద్వారా. చలికాలం దాటేసరికి ఆమె మనసు అటు మొగ్గింది. "సరే, పోదాం పదండి" అంది. ఆయన పెళ్ళినాడు కూడా అంత సంబరపడలేదు.

మెట్ల కింద మేకులు తనే పీకేసింది. లాయరుగారు, "ఇంక మా చొక్కాలకు దిక్కెవరక్కా?" అన్నాడు. మూడో అంతస్తు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఆమె కూడా ఏడ్చింది గానీ, అవతల ఒక ఊరు ఊరంతా తనకోసం కుట్లు విప్పుకుని కూర్చుందన్న ధైర్యం లోపల ఉంది.

కొత్త ఇంట్లో రోడ్డు వైపు గదిలో, కిటికీ పక్కన మిషను పెట్టింది. ఇప్పుడు నిటారుగా నిలబడొచ్చు, తల తగలదు. గుమ్మానికి బోర్డు కట్టింది. సోమవారం పొద్దున్నే మిషనుకు నూనె వేసి, తలుపు బార్లా తీసి కూర్చుంది.

వీధిలో పిట్ట మనిషి లేడు. జనమంతా తెల్లవారకముందే బస్సులెక్కి సిటీలో పనులకు పోయారు. చీకటి పడ్డాక ఈడ్చుకుంటూ వచ్చి తలుపులేసుకున్నారు. మంగళవారమూ అంతే. ఆదివారం కబుర్లాడిన జనమంతా ఆదివారపు జనమే. అయినా ఆమె నిబ్బరంగానే ఉంది. నేనొచ్చినట్టు తెలియదు పాపం, తెలిస్తే వాళ్ళే వస్తారనుకుంది. అలా అనుకుంటూ ఎదురుచూసి ఎదురుచూసి, ఇంక ఉండబట్టలేక తోటికోడలింటికి వెళ్ళింది.

"ఆ బట్టలిచ్చినవాళ్ళ ఇళ్ళు చూపించమ్మాయ్. నేనే వెళ్ళి చెప్పొస్తాను."

తోటికోడలు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. "వాళ్ళు ఇంట్లో ఉండరక్కా."

"చీకటి పడ్డాక వెళ్దాం."

"అలసిపోయి వస్తారు కదక్కా."

"పోనీ ఆ కోటు ఇచ్చినావిడ ఇల్లు చెప్పు చాలు. ఆవిడ ఎంత బాగా విప్పిందో! ఒక్కసారి ఆ చేతులు చూసి రావాలి."

అంతే, తోటికోడలు మంచం మీద కూలబడి మొహం కప్పుకుంది. కాసేపటికి లేచి బీరువా తలుపు తీసింది. కింది అరలో అన్నీ ఉన్నాయి. చొక్కాలు, కోటు, పిల్లల ప్యాంట్లు. ఆమె ఎలా మడత పెట్టి ఇచ్చిందో అలాగే, ఒక్కసారి కూడా తొడగకుండా.

"మావే అక్కా అన్నీ. పిల్లలకు పొట్టివైపోయినవి, మా ఆయన పక్కన పడేసినవి. మెచ్చుకున్నది కూడా నేనే. బావగారు శనివారాలు వచ్చి బ్లేడుతో... ఇక్కడే కిటికీ దగ్గర కూర్చుని విప్పేవారు." కళ్ళు తుడుచుకుంది. "వద్దన్నాను. కానీ నాకు కూడా ఇక్కడ మాట్లాడే దిక్కు లేదక్కా. నువ్వొస్తే బావుండుననిపించింది."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత వినడమే గానీ, ఇంత కళ్ళారా ఎప్పుడూ చూడలేదు. శనివారాలు ఆయన ఎక్కడికెళ్ళేవాడు? పాత డ్రైవర్లను కలిసొస్తానని ఆమెతో చెప్పి వెళ్ళేవాడు. ఆ సంచీల తాలూకు కూలి కూడా ఆయన జేబులోంచి బయల్దేరి, తోటికోడలి చేతి మీదుగా ఆయన కొంపకే చేరింది.

ఇంటికొచ్చేసరికి ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని చెట్లను చూస్తున్నాడు. దగ్గు నిజంగానే తగ్గింది.

"బ్లేడుతో విప్పారటగా" అంది.

ఆయన బుకాయించలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి. "మరేం చెయ్యను? నువ్వు కదలవు. అక్కడే ఉంటే నేను దగ్గి దగ్గి పోయేవాణ్ణి."

"ఆ మాట చెప్పొచ్చుగా! ఊపిరాడటం లేదు, నాకోసం రా అని ఒక్కసారి అడిగితే రాకపోదునా? ఏడ్చుకుంటూనో తిట్టుకుంటూనో వచ్చేదాన్ని. ఇంత నాటకం దేనికి?"

"నాటకమేముంది? పనేగా ఇచ్చింది? ఏడాది నుంచీ పని, పని అని ప్రాణం తీశావు. చిరుగు ఎవరు చింపితే ఏం? నీకు చేతినిండా పని ఉంటే చాలనుకున్నాను."

ఆమె లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. అబద్ధం చెప్పాడని కాదు. అబద్ధాలాడని మొగుడెక్కడున్నాడు? ఇన్నేళ్ళు పక్కనే ఉండి, తను చేసేది ఏడ్చే పిల్ల చేతిలో గిలక్కాయ లాంటిదనుకున్నాడు. అదీ ఆమె గుండెలో దిగింది. ఎవరూ తొడగని చొక్కాకు తను కళ్ళు పోగొట్టుకుని కాలరు తిప్పుతుంటే, ఈ మనిషి ఎదురుగా కూర్చుని చూశాడు.

మర్నాడు పొద్దున బస్సెక్కి సిటీకి పోయింది. పాత చోటు మళ్ళీ అడుగుదామని. మెట్ల కింద రెండు స్కూటర్లు నిలబెట్టి ఉన్నాయి. వాచ్‌మన్ స్టూలు తెచ్చి కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు బట్టలు ఎక్కడ ఇస్తున్నారు వీళ్ళంతా?" అని అడిగింది.

"ఎక్కడా ఇవ్వట్లేదక్కా. చిరిగితే పారేస్తున్నారు. బజార్లో కొత్తవి చవగ్గా వస్తున్నాయిగా."

"లాయరుగారు?"

వాచ్‌మన్ ఇబ్బందిగా నవ్వి తన ఒంటి మీది చొక్కా చూపించాడు. "ఆయన మొన్న ఒక మూట నాకిచ్చేశారు. పోన్లే అక్కా, నీ చేతి కుట్టు, గట్టిగానే ఉంది."

ఆమె తిప్పిన కాలరే అది. వాచ్‌మన్ మెడ చుట్టూ, తేడా తెలియకుండా ఉంది. తను లేకపోతే ఈ బిల్డింగు ఏమైపోతుందో అని బెంగపడింది పిచ్చిది. ఏమీ కాలేదు. నెల తిరక్కుండానే దాని బతుకు అది బతికేస్తోంది.

అక్కణ్ణించి ఇంటికి పోబుద్ధి కాలేదు. రెండు వీధుల అవతల రెడీమేడ్ చొక్కాలు కుట్టే వర్క్‌షాపు ఉంది. ఆ దారిన పోతున్నప్పుడల్లా అక్కడి కుట్లు చూసి ముక్కు చిట్లించేది. ఆ రోజు తలుపు నెట్టుకుని లోపలికి వెళ్ళింది. మేస్త్రీ ఆమె చేత ఒక కుట్టు వేయించి చూసి వెంటనే పెట్టుకున్నాడు. ఎడమ జేబు. ఒకరు చేతులు, ఒకరు కాలరు, ఒకరు గుండీలు. ఆమె పొద్దుగూకులూ ఎడమ జేబే కుట్టాలి. పైన మేడ మీద ఆడవాళ్ళు కలిసుండే గది కూడా ఉంది. అందులో మంచం ఖాళీగా ఉందన్నాడు.

ఇల్లు మారాలా వద్దా అని ఏడాది తర్జనభర్జన పడ్డ మనిషి, ఈసారి ఆ గది చూసి మెట్లు దిగేలోపు తేల్చేసుకుంది.

బట్టలు సర్దుకుంటుంటే ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. ఇది బెదిరింపులే అనుకున్నాడు ముందు. పెట్టె మూసేసరికి కంగారు పడ్డాడు.

"పోనీ, రోజూ వెళ్ళి రావచ్చుగా, ఊరంతా అలాగే పోతోంది."

"ఊరంతటికీ సాయంత్రం ఇంటికి రావాలనుంటుంది."

"ఈ వయసులో ఆ గదుల్లో పడుంటావా? అదీ జేబులు కుట్టడానికి?"

"అవునండీ. ఆ జేబులు ఎవడో ఒకడు నిజంగా వాడుకుంటాడు."

ఉండు అంటాడేమోనని ఆమె పెట్టె పట్టుకుని ఒక్క క్షణం ఆగింది కూడా. సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆ ఒక్క మాటకోసమే ఆగింది. తప్పయింది, ఉండవే అంటే, ఏమో, ఉండిపోయేదేమో.

"మరి నా వంటా అదీ?" అన్నాడాయన.

ఆమె చెప్పులు వేసుకుంది.

"వండుకోండి. చేతినిండా పని ఉంటుంది."

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఆయన వెనకాలే వస్తాడని కాదు గానీ, బస్సు మలుపు తిరిగేదాకా తల తిప్పి చూస్తూనే ఉంది. రాలేదు. అప్పుడు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కోపం తీరక, వెక్కి వెక్కి ఏడ్చింది.