జలుబు కాదు, మిరపకాయలు

గుంటూరులో మా పెద్దమ్మ పోయిందని బుధవారం పొద్దున్నే ఫోన్ వచ్చింది. నేను బస్సు దిగేసరికే వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టేశారు. ‘ఏనాడూ గడప దాటని ఆదర్శ గృహిణి’ అట. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆవిడ గడప ఎందుకు దాటాలి? పనే గడప దాటి లోపలికి వచ్చేది.

మాది పొదిలి పక్కన పల్లె. కాలేజీ చదువుకి పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. వానల్లేక నాన్న ఫీజు పంపలేకపోతే ఆవిడే కట్టింది. వారం వారం రిక్షాలో ఎండుమిరప బస్తాలు దిగేవి. తొడిమలు తీసి షావుకారుకి తిరిగి పంపాలి. పెదనాన్నకి అదంటే నామోషీ. జీతం చాలదు, కానీ పెళ్ళాం పనిచేస్తోందని నలుగురికీ తెలియకూడదు. అందుకని వెనక గదిలో తలుపులు మూసుకుని, ఆ ఘాటులో దగ్గుతూ తీసేది. వేళ్ళకి కారం ఉంటుందని నన్ను చేత్తో ముట్టుకునేది కాదు, ముద్దొస్తే మోచేత్తో బుగ్గ రాసేది. “చెయ్యి మండితే సాయంత్రానికి తగ్గుద్దే. ఒకళ్ళ ముందు చాస్తే ఆ మంట తగ్గదు” అనేది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ వేళ్ళ చలవే.

నాకు పెళ్ళిచూపులు కూడా ఆ ఇంట్లోనే. వచ్చినవాళ్ళు కాఫీ అందుకున్నారో లేదో తుమ్ములు మొదలయ్యాయి. పెళ్ళికొడుకు తల్లికైతే ఆగలేదు.

“ఇంట్లో అందరికీ జలుబండీ” అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది. “జలుబు కాదండీ, మిరపకాయలు. తొడిమలు నేనే తీస్తాను. ఈ పిల్ల చదువు ఆ డబ్బులతోనే.”

వాళ్ళు మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. పెదనాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఆవిడ మాత్రం మర్నాడే బస్తాని వీధి వరండాలోకి ఈడ్చి, పీట వేసుకుని కూర్చుంది. “లోపల పెట్టవే, పరువు పోద్ది” అని ఆయన గొణిగితే, “దొంగసొత్తేం కాదుగా” అంది తలెత్తకుండా. నెల తిరక్కుండా మా వీధిలో ఇంకో మూడు వరండాల్లోకి బస్తాలు వచ్చాయి.

మొన్న పెద్దకర్మ నాడు బుట్టెడు ఎండుమిరపకాయలు తెచ్చి ఆవిడ ఫోటో ముందు పెట్టాను, తొడిమలతోనే. “కర్మ నాడు ఇదేం చోద్యమే, తీసెయ్” అని పెద్దవాళ్ళు కసిరారు. తియ్యనన్నాను. ఫ్యాన్ గాలికి ఘాటు హాలంతా పాకింది. మొదట తుమ్మింది పెదనాన్నే.

“జలుబా బాబాయ్?” అన్నాడు పక్కన కూర్చున్న ఆయన అన్నకొడుకు.

పెదనాన్న కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. “కాదురా. మిరపకాయలు. మీ పిన్ని తొడిమలు తీసేది.”

ఆ మాట అని, బుట్ట పక్కన మెల్లగా కూలబడి, ఒక కాయ చేతిలోకి తీసుకుని తొడిమ తుంచాడు.