బోణీకి పనికిరాని మనుషులు

మా కిరాణా దుకాణం ఉన్న చోట అడుగు పెట్టాలంటే ఇప్పుడు మెడలో కంప్యూటర్ కంపెనీ కార్డు వేలాడాలి. అప్పుడది మాదాపూర్ గుట్టల కింద, మూసాపేట వైపు తిరిగే బండ్లబాట పక్కన, మట్టి అరుగు మీద రెండు చెక్క తలుపుల కొట్టు. సైన్యం వచ్చి నిజాం సర్కారు పోయిన మరుసటి ఏటి మాట. నాన్న అప్పటికే లేడు. అమ్మ తూకం వేసేది, నేను బేరం ఆడేదాన్ని. పదహారేళ్ల ఆడపిల్లకు అంత నోరేమిటని ఊరంతా అనేది. ఆ నోటితోనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది కాబట్టి ఎవరూ మూయించలేకపోయారు. నిజం చెప్పాలంటే సగం బేరాల్లో నేనే ఓడిపోయేదాన్ని. ఓడినట్టు కనపడకపోవడమే నాకు వచ్చిన విద్య.

ఒక్క బేరం మాత్రం అమ్మ చేతుల మీదుగా జరగడానికి వీల్లేదు. అది బోణీ. పొద్దున మొదటి అమ్మకానికి విధవ తక్కెడ ముట్టుకుంటే రోజంతా ఈగలు తోలుకోవాల్సిందేనని మా పెదనాన్న శాసనం. ఊళ్లో పెద్ద దుకాణం ఆయనదే. నేను బోణీ చేసేదాకా అమ్మ లోపలి గదిలో పప్పు చెరుగుతూ కూర్చునేది.

అమ్మేవాళ్ల సంగతి అలా ఉంటే, కొనేవాళ్లలోనూ బోణీకి పనికిరాని మనిషి ఒకడు ఆ ఏడు ఊళ్లోకి వచ్చాడు. రాళ్లు కొట్టేవాడు. కరువు రోజుల్లో దొర గరిసెలోంచి జొన్నలు ఎత్తుకుపోయి జైలుకు వెళ్లినవాడు. గడువుకు ముందే అతన్ని షరతుల మీద వదిలారు. తెల్లవారగానే పోలీసు చౌకీలో హాజరు చెప్పాలి. పగలు బోరబండ గుట్ట దగ్గర రాళ్ల పని చేయాలి. దీపాలవేళకు ఇంట్లో ఉండాలి. పని పోతే మళ్లీ జైలే.

అతనికి నా అన్నవాళ్లు లేరు. పని దిగేసరికి చీకటి పడుతుంది కాబట్టి ఏం కొనుక్కున్నా చౌకీకీ గుట్టకూ మధ్య, పొద్దున్నే కొనుక్కోవాలి. జైలు నుంచి వచ్చినవాడి చేత బోణీ చేయించకూడదని ఊళ్లో ఉన్న మూడు దుకాణాలదీ ఒకటే పట్టు, మాదానితో సహా. అరుగుకు ఎడంగా గొంతుక్కూర్చుని, ఎవరో ఒకరు వచ్చి ఉప్పో చింతపండో కొనాలని అతను ఎదురుచూసేవాడు. వాళ్ల బేరం తెగాకే అటుకులూ బెల్లం కట్టించుకుని పరుగు తీసేవాడు. అతను చేరేసరికి గుట్ట దగ్గర పనులు పంచేసేవారు. ఇంకొక్కసారి ఆలస్యమైతే పని మానేశాడని చౌకీకి కబురు పంపుతానని గుత్తేదారు తేల్చి చెప్పాడు.

ఆ వారంలోనే జీపు వచ్చింది. జైళ్లలో మనుషుల్ని ఎలా ఉంచుతున్నారు, వదిలాక వాళ్లేమైపోతున్నారు అని ఢిల్లీ సభలో ఎవరో ప్రశ్న లేపారట. దానికి జవాబు రాయడానికి ఒక కమిటీ ఊరూరా తిరుగుతోంది. హాజరు ఎలా వేస్తున్నారో కళ్లారా చూడాలని వాళ్లు తెల్లవారుజామునే మా చౌకీలో దిగారు. దుకాణాల వాళ్లందరినీ పిలిపించారు. అప్పటికి ఊళ్లో ఒక్క తలుపూ తీయలేదు.

కమిటీ పెద్దమనిషిది కోస్తా మాట. హాజరుకు వచ్చి నిలబడ్డ ఆ రాళ్లు కొట్టేవాణ్ని చూపిస్తూ పెదనాన్న వైపు తిరిగి, "ఇతనికి సరుకులివ్వడానికి మీకేమైనా అభ్యంతరమా అండి?" అని అడిగాడు.

"రామ రామ! గసుంటిదేం లేదు సార్. పైసలిచ్చినోనికి సరుకు. తక్కెడకు మొహాలు కనవడయి."

"ఏమయ్యా, ఇస్తున్నారా?"

"ఇస్తరు సార్," అన్నాడు అతను, తువ్వాలు నలుపుతూ.

పెద్దమనిషి కలం కదిలింది. ఇబ్బందేమీ లేదని రాస్తున్నాడని చదవకుండానే తెలిసిపోయింది నాకు.

"ఎప్పుడిస్తరో గూడ అడుగున్రి సార్," అన్నాను.

"నోరు ముయ్యే!" అన్నాడు పెదనాన్న. "ఆడివిల్లకు చౌకీల మాటలేంది?"

"దుకాణంల పనికొచ్చే నోరు చౌకీల పనికిరాదా పెదనాయినా?"

బోణీ సంగతి మొత్తం చెప్పేశాను. పెద్దమనిషి నవ్వాడు. "మా బావమరిదిది బట్టల కొట్టేనమ్మా. ఆయనా ఇంతే. ముందెవరికి అమ్మాలో ఏ చట్టంలో రాయమంటావు?"

"చట్టమొద్దు సార్. దీపాలేళకు ఇంట్లుండాలె అన్నరు గద, గా షరతు జర ఎనకకు జరుపున్రి. పనికెల్లి వచ్చి కొనుక్కుంటడు."

"సిఫారసు చేస్తాం."

"గదెప్పుడొస్తది?"

"సభకు వెళ్లాలి, చర్చ జరగాలి..."

"గప్పటిదాంక సిఫారసు తింటడా?"

చౌకీ జవాను కూడా నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాడు. అక్కడ బేరం మొదలుపెట్టాను. ముందు ఆకాశం అడగాలి, తర్వాత చెట్టు దాకా దిగాలి. హాజరే తీసేయమన్నాను. కుదరదన్నాడు. హాజరు సాయంత్రానికి మార్చమన్నాను. తన చేతిలో లేదన్నాడు. అయితే ఇవాళ ఆలస్యం మీ వల్లే అయింది కాబట్టి గుత్తేదారుకు మీరే చెప్పండి అన్నాను. దానికి ఒప్పుకున్నాడు. మొదటినుంచీ నేను అడగాలనుకున్నది అదేనని ఇప్పుడు గొప్పలు చెప్పుకోవచ్చు గానీ, హాజరు పోతుందని నిజంగానే ఆశపడ్డాను.

"ఇతన్ని జీపులో ఎక్కించుకునే పోతాం," అన్నాడు పెద్దమనిషి ఉదారంగా.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "ఒద్దు సార్! జీపెక్కితే మల్ల వట్టుకపోతున్నరని ఊరంత అంటది. గుత్తేదారు ఇగ నా మొహం చూడడు. మీరు ముంగట పోయి చెప్పున్రి, నేను ఉరికొస్త."

"కడుపుల ఏం లేకుంట ఉరుకుతవా?"

అమ్మ గొంతు అది. గుంపు వెనక ఎప్పుడు వచ్చి నిలబడిందో చూడలేదు. జవాబు కోసం ఆగకుండా దుకాణం వైపు నడిచింది. నేనూ అతనూ వెంట వెళ్లాం, పెదనాన్న మా వెనకే వచ్చాడు. అమ్మ తలుపులు తీసి, లోపలి గదిలోకి పోకుండా, నేను కూర్చునే చోట కూర్చుంది.

"ఇగ చెప్పు, ఏం గావాలె?"

"ఒద్దు సావుకారమ్మా," అన్నాడతను. "మీ దుకాణం ఖరాబైతది."

"నా చేతిది ఎవరు కొనరు, నీ చేతికి ఎవరు అమ్మరు. గింతకంటె ఏం ఖరాబైతది? తువ్వాల పట్టు."

"తమ్ముడు పోయిండు," అన్నాడు పెదనాన్న బాటలో నిలబడి, "ఇగ దుకాణం గూడ పోతది. సూస్కో."

ఆయన ఎదురుపడితే కొంగు లాక్కుని లోపలికి తప్పుకునే మనిషి మా అమ్మ. ఆ రోజు తల కూడా ఎత్తలేదు. "పోతే నా దుకాణమే గద బావా," అని అటుకులు తూచింది.

అతను మూట నడుముకు కట్టుకుని, జీపు లేపిన దుమ్ములో పరుగెత్తాడు. గుత్తేదారు ఆ రోజుకు పని ఇచ్చాడు. మర్నాటి నుంచి కమిటీ రాదు, జీపూ రాదు. అతను చౌకీ నుంచి వచ్చేసరికి అమ్మ తలుపులు తీసి కూర్చునేది. అతను మళ్లీ ఆలస్యం కాలేదు.

మా బేరాలు పడిపోయాయి. మా అరుగు దాకా వచ్చి, లోపల అమ్మను చూసి, పెదనాన్న దుకాణానికి మళ్లినవాళ్లున్నారు. ధర్మం చేస్తున్నామా వ్యాపారం చేస్తున్నామా అని నేను అమ్మతో పోట్లాడేదాన్ని. చౌకీలో అంత నోరు చేసినదాన్ని, ఇంట్లో బెల్లం అచ్చులు అమ్ముడుపోక కారిపోతుంటే ఏడుపు మొహం పెట్టేదాన్ని. "నీ నోరే గద తెచ్చింది," అనేది అమ్మ, ఈగలు తోలుతూ. అయినా ఆ చోటి నుంచి లేవలేదు.

సభలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. షరతులైతే మారలేదు. అతని శిక్ష గడువే చివరికి తీరిపోయింది.

ఆ మర్నాడు పొద్దున అతను రాలేదు. నూనె కోసం వచ్చిన ఆవిడను అమ్మ "జరసేపాగి రా" అని పంపించేసింది. పసుపు కోసం వచ్చినతన్నీ అంతే. ఎన్నాళ్లకో వచ్చిన బేరాలు అలా కాళ్లు మొలిచి పోతుంటే నేను పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. ఎండ అరుగు దిగిపోయాక అతను తీరిగ్గా నడుచుకుంటూ వచ్చాడు.

"పొద్దుగాల రాకపోతివేందయ్యా?" అంది అమ్మ.

"హాజరు లేదు గద సావుకారమ్మా. మంచిగ పండుకున్న."

"నువ్వు పండుకుంటె నా బోణీ ఎవడు జేస్తడు? పొద్దుగాల సంది ఉత్తగ కూసున్న. పట్టు తువ్వాల."

అతను పడీ పడీ నవ్వుతూ తువ్వాలు పరిచాడు. అమ్మ తక్కెడ లేపింది.