పొయ్యి మీద పాలు

మా హిందీ టీచరు గారు పోయారు. ఆ మాట నాకు చెప్పింది ఆవిడ భర్తే, గోడ అవతల నుంచి. పొద్దున్నే దొడ్లో నిలబడి పళ్ళు తోముకుంటున్నాను. గోడ మీదుగా ఆయన తల కనిపించింది. "మేష్టారూ, ఆవిడ వెళ్ళిపోయిందండి," అన్నారు. ఎక్కడికని అడగబోయి ఆగాను. మంచం దిగలేని మనిషి ఎక్కడికి వెళ్తుంది? నోట్లో నురగ ఉమ్మేసి, మొహం కడుక్కుని, చొక్కా తొడుక్కుని వెళ్ళాను.

ఆవిడ గురించి నాలుగు మాటలు రాసిపెట్టమని మా స్కూలు పాత విద్యార్థులు అడిగారు. ఉద్యోగమంతా లెక్కలు చెప్పినవాణ్ణి, నాకు ఇలాంటివి రాయడం చేతకాదు. ఆవిడకి నేను బంధువుని కాను. రాజోలు దగ్గర మా ఊరి హైస్కూల్లో పక్కపక్క గదుల్లో పాఠాలు చెప్పాం, ఊళ్ళో పక్కపక్క ఇళ్ళల్లో కాపురం ఉన్నాం, అంతే. స్కూల్లో మా మధ్య ఉన్నది చెక్క పార్టిషను, ఇంటి దగ్గర ఛాతీ ఎత్తు గోడ. రెండింటిలోంచీ ఆవిడ గొంతు నాకు వినబడుతూనే ఉండేది. ఇది రాస్తుంటే మాత్రం గోడ అవతల కాంక్రీటు మిషను తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

కోనసీమలో హిందీతో పనేమిటని పిల్లల తల్లిదండ్రులు అనేవారు. స్టాఫ్‌రూములో మేమూ అనేవాళ్ళం. నేనైతే ఆవిడ ఎదురుగానే అనేవాణ్ణి. ఆవిడకి కోపం వచ్చేది కాదు. "ఆయ్, నిజమేనండి," అని ఒప్పేసుకుని క్లాసుకి వెళ్ళిపోయేవారు. ఒప్పుకున్న మనిషితో ఏం వాదిస్తాం?

కూరగాయల పాఠం వచ్చిన రోజున మాత్రం నా పాఠం ముందుకి సాగేది కాదు. ఆ రోజు ఆవిడ తన దొడ్లో కాసిన ఆనపకాయ, బీరకాయలు, దోసెడు దొండకాయలు, తోటకూర కట్టలు బుట్టలో వేసుకుని వచ్చేవారు. బెంచీలు గోడ పక్కకి జరిపించి క్లాసులోనే సంత పెట్టించేవారు. సగం మంది అమ్మాలి, సగం మంది కొనాలి. బేరం హిందీలోనే ఆడాలి. మాట రాకపోతే చేతులూపి అయినా ఆడాలి గానీ తెలుగు ముక్క వినబడకూడదు. ఆ గోల మొదలైందంటే నా క్లాసు పిల్లల చెవులన్నీ పార్టిషనుకే అతుక్కుపోయేవి. నేను త్రిభుజం ఎంత నీటుగా గీసినా బోర్డు వైపు చూసేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. సంత అయ్యాక ఆ కూరగాయలు మధ్యాహ్న భోజనం వండే ఆవిడకి చేరేవి. ఆ పూట సాంబారులో ముక్కలు బాగా తగిలేవి కాబట్టి నా కోపం భోజనాల గంట దాకానే ఉండేది.

స్కూలు నుంచి రాగానే ఆవిడ చీర కొంగు నడుముకి దోపుకుని తిన్నగా దొడ్లోకి వెళ్ళిపోయేవారు. మొక్కల మొదళ్ళ చుట్టూ కాయ ఒలిచిన కొబ్బరి డొక్కలు బోర్లా పేర్చేవారు, తడి ఆరిపోకుండా. బియ్యం కడుగు కరివేపాకుకి, వాడేసిన టీ పొడి గులాబీకి. మొక్కలతో ప్రేమగా మాట్లాడేవారా అని ఈ మధ్య ఒకరు నన్ను అడిగారు. లేదు, తిట్టేవారు. "ఏం, నీకేం రోగం? పక్కనున్నది కాయట్లేదా?" అని పొట్లపాదుని నిలదీస్తుంటే నా చెవులతో విన్నాను. క్లాసులో ఒక్క పిల్లనీ పిల్లాణ్ణీ అలా అనని మనిషి. అరుగు మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతూ మధ్యలో లేచి ఏదో తీగ పైకి పాకించి వచ్చేవారు. అందుకే ఆవిడ దిద్దిన పేపరు అంచున మట్టి వేలిముద్ర ఒకటి తప్పకుండా ఉండేది. మా వాడికి ఇంకా అక్షరాలే రాలేదని ఎవరైనా వచ్చి వాపోతే, "ఇప్పుడే కదండీ నీళ్ళు పోసేం, సాయంత్రానికే కాయమంటే ఎలాగండీ?" అనేవారు.

మా వైపు ఒక నమ్మకం ఉంది. అడిగి తెచ్చుకున్న మొక్క నాటుకోదని, ఇంటివాళ్ళు చూడకుండా కోసుకొచ్చిందే నాటుకుంటుందని. నేను నమ్మను. ఇంటివాళ్ళ చూపు ఎటుందో కొమ్మకెలా తెలుస్తుంది? టీచరు గారూ నమ్మేవారు కాదనే నా అనుమానం. కానీ వచ్చేవాళ్ళు నమ్ముతారు కదా. ఎవరైనా గేటు తీసుకుని వచ్చి, ఏ మందారం పక్కనో నిలబడి, వానల గురించీ ధరల గురించీ మాట్లాడుతూ ఎంతకీ కదలకపోతే ఆవిడకి సంగతి తెలిసిపోయేది. "ఉండండమ్మా, పొయ్యి మీద పాలు పెట్టొచ్చేను," అని లోపలికి వెళ్ళిపోయేవారు. వెళ్ళి ఒక పట్టాన వచ్చేవారు కాదు. ఆవిడ వచ్చేసరికి ఆ మనిషి కొంగు కింద ఏదో దాచుకుని "వెళ్ళొస్తానండీ" అనేది. "అప్పుడేనా?" అని టీచరు గారు తెగ ఆశ్చర్యపోయేవారు. ఈ నాటకం ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. మా వీధిలో ఆవిడ దొడ్లోని కొమ్మ లేని ఇల్లు లేదు.

ఈ నాటకం గిట్టనిది ఒక్క ఆవిడ భర్తకే. ఆయన రైసుమిల్లులో కాటా దగ్గర గుమస్తాగా చేసి రిటైరయ్యారు. ముల్లు ఎక్కడ నిలిస్తే అదే చెప్పడం ఆయన ఉద్యోగం, ఇంట్లోనూ అదే అలవాటు. ఒకసారి మా ఆవిడ కరివేపాకు పిలక కోసం వెళ్ళింది. టీచరు గారు మామూలుగా పాల మాట చెప్పి లోపలికి వెళ్ళారు. వెంటనే వంటింట్లోంచి ఆయన గొంతు వీధి దాకా వినబడింది. "పాలెక్కడియ్యే? పాలబ్బాయి ఇంకా రాందే!" లోపల టీచరు గారు, దొడ్లో పిలక పట్టుకుని మా ఆవిడ, గోడ ఇవతల నేను, ఒకేసారి నవ్వాం. ఆయనొక్కరే నవ్వలేదు. దొడ్డంటేనే ఆయనకి చిరాకు. దోమలనేవారు, పాములనేవారు, ఇల్లంతా బురద కాళ్ళనేవారు.

ఆవిడ క్లాసులోనూ ఇదే నాటకం ఆడతారని నాకు పార్టిషను సందులోంచి తెలిసింది. సత్యవేణి అని ఒక పిల్ల ఉండేది. నోరు విప్పేది కాదు, పేరడిగినా తల దించుకునేది. టీచరు గారు ఆ పిల్లని లేపి ఒక ప్రశ్న అడిగి, వెంటనే కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడేవారు. పక్కపిల్ల జవాబు గొణిగేది. సత్యవేణి అదే పైకి చెప్పేది. అప్పుడు ఆవిడ ఇటు తిరిగి, "శభాష్, కూర్చో," అనేవారు. నాకు ఒళ్ళు మండింది. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో అడిగేశాను.

"అది కాపీ కాదటండీ?"

"కాపీయేనండి, ఆయ్," అన్నారు క్యారియరు మూత తీస్తూ.

"మరి మీరు చూసీ చూడనట్టు ఊరుకుంటే ఎలాగండీ?"

"నేను చూస్తా ఉంటే దానికి నోరు రాట్లేదు మేష్టారూ. అటు తిరిగితే వస్తోంది. పక్కపిల్ల దగ్గర తెచ్చుకుంటే ఏం పోయిందండీ, నాటుకుంటోంది కదా."

పరీక్షల్లో మాత్రం ఆవిడ అటు తిరిగేవారు కాదు, ఆ మాట చెప్పాలి. ఆ వాదన నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఎవరి లెక్క వాళ్ళే చెయ్యాలి. అయితే సత్యవేణి పెద్దయ్యాక కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. అక్కడ రకరకాల దేశాల మనుషుల మధ్య హిందీతోనే నెట్టుకొచ్చింది. తిరిగొచ్చి మా వీధి చివర టిఫిను బండి పెట్టుకుంది. ఇప్పుడు ఆ అమ్మాయి నోటికి వీధంతా హడలిపోతుంది. ఇంకాస్త చట్నీ అడగాలంటే నాకూ భయమే.

పోయిన వానాకాలంలో బట్టలుతికే బండ దగ్గర పాకుడు మీద కాలు జారి టీచరు గారు పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. అమలాపురంలో ఆపరేషను చేయించారు గానీ మళ్ళీ నడవలేకపోయారు. దొడ్డివైపు గదిలో మంచం వేశారు. ఆ గది కిటికీ ఎత్తు. పడుకున్న మనిషికి కొబ్బరి మట్టలు, కాస్త ఆకాశం తప్ప ఏమీ కనబడవు. దొడ్డి ఎలా ఉందని భర్తని అడిగితే "ఉంది" అని తేల్చేస్తారట. అందుకని రోజూ సాయంత్రం నేను వెళ్ళి దొడ్డి సమాచారం చెప్పాల్సి వచ్చేది.

"ఇయ్యాళ ఏం పూసినయ్యండీ?"

"ఎర్రటిది ఒకటి పూసిందండీ."

"ఎర్రటియ్యి నాలుగున్నాయి మేష్టారూ."

"గోడ పక్కది. తెల్లది కూడా పూసింది. ఫ్యాను రెక్కల్లా ఉంటుందే, అది."

"అది నందివర్ధనం అండీ. ఇన్నేళ్ళు గోడ పక్కనుండి పేరు తెలీదా?" అని నవ్వారు. నవ్వితే నొప్పి వచ్చి కాసేపు కళ్ళు మూసుకున్నారు. తర్వాత, "కొమ్మ ఏటవాలుగా కొయ్యాలండి, పెన్సిలు చెక్కినట్టు. గుర్తెట్టుకోండి," అన్నారు.

"నాకెందుకండీ అవన్నీ?"

"ఊరంతటికీ మా దొడ్లో దొంగతనం చెయ్యంది మీరొక్కరేనండి. నాకు చాలా అవమానంగా ఉంది."

నవ్వేసి వచ్చేశాను. ఆ సాయంత్రాలు నాకు అంత అలవాటైపోతాయని అనుకోలేదు. చలికాలంలో ఆవిడకి గుండెల్లో నెమ్ము చేరింది. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టింది. పోయే ముందురోజు సాయంత్రం కూడా ఏం పూసిందని అడిగారు. పేర్లన్నీ తప్పుల్లేకుండా చెప్పాను. ఆవిడ శభాష్ అన్నారు. ఇప్పుడు సాయంత్రం అయ్యేసరికి ఎక్కడికి వెళ్ళాలో తోచడం లేదు.

పెద్దకార్యం అవగానే గుమస్తా గారు మేస్త్రీని పిలిపించారు. దొడ్డంతా చదును చేసి కాంక్రీటు పోయించాలని. ఇసుక, కంకర వచ్చి గేటు పక్కన పడ్డాయి. నేను వెళ్ళి చెట్ల వైపు, ఆయన వైపు చూశాను.

"ఆ పాకుడే మనిషిని తినేసింది మేష్టారూ. ఇంక ఈ దొడ్లో తడనేది ఉండకూడదండి," అన్నారు.

తలూపి వచ్చేశాను. ఆయన దుఃఖంలో నేను తప్పులు దిద్దడం బాగుండదు.

సంగతి ఊళ్ళో పాకిపోయింది. కొమ్మలన్నా దక్కించుకుందామని ఆడవాళ్ళ ఆత్రం. కానీ చావు జరిగిన ఇంటికి వెళ్ళి మొక్క ఇవ్వమని ఎలా అడుగుతారు? అడిగి తెచ్చుకుంటే నాటుకోదాయె. పోనీ చూడకుండా కోసుకుందామంటే గుమస్తా గారు దొడ్డి అరుగు మీద కుర్చీ వేసుకుని పొద్దుటి నుంచి చీకటి పడేదాకా అక్కడే కూర్చుంటున్నారు. కాటా ముల్లుని చూసినట్టు దొడ్డినే చూస్తున్నారు. వచ్చినవాళ్ళు గేటు దగ్గర నిలబడి, రెండు మాటలు పలకరించి, ఉత్త చేతులతో వెళ్ళిపోతున్నారు. సత్యవేణి నా దగ్గరికి వచ్చింది.

"రేపట్నుంచే పనంటండి మేష్టారూ. టీచరు గారూ లేక, ఆవిడ చెట్లూ లేకపోతే ఎలాగండీ? మీరు చెప్పండి ఆయనతో."

"ఏమని చెప్పనమ్మా?"

"ఏదోటి చెప్పి కాసేపు లోపలికి పంపండి చాలు. మేం గేటు దగ్గరుంటాం. చాకు నా దగ్గరుందండి."

ఆ సాయంత్రమే వెళ్ళాను. ఏం చెప్పాలో దారిలో ఆలోచిద్దామంటే దారి గోడ దాటేటంతే. ఆయన కుర్చీలో ఉన్నారు. పక్కన కూర్చోవాల్సింది పోయి, దొడ్లోకి దిగి నందివర్ధనం పక్కన నిలబడ్డాను.

"ఈ ఏడు ఎండలు అప్పుడే ముదిరిపోయేయండి," అన్నాను.

"ఆయ్," అన్నారు.

"కొబ్బరి ధర కూడా పడిపోయిందంటున్నారు."

"ఆయ్."

లోపలికి వెళ్ళమనడానికి నోరు రాలేదు. చెట్టు పక్కన ఊరికే నిలబడిపోయాను.

ఆయన నా వైపు చూశారు. తర్వాత చెట్టు వైపు చూశారు. చాలాసేపటికి కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచారు.

"ఉండండి మేష్టారూ," అన్నారు. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చేను."

ఆయన లోపలికి వెళ్ళేదాకా ఆగి, జేబులోంచి పెన్సిళ్ళు చెక్కుకునే చాకు తీశాను. ఏటవాలుగా కోశాను. వెనకాల గేటు చప్పుడైంది. సత్యవేణి వచ్చింది, ఆమె వెనక ఇంకొందరు. ఎవరికి కావాల్సిన చెట్టు దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. దొడ్డంతా కొమ్మలు తెగుతున్న చిన్న చిన్న చప్పుళ్ళు.

అంతలో వంటింటి వైపు నుంచి మాడు వాసన వచ్చింది. అబద్ధం చెప్పడం ఆయనకి ఎప్పుడూ చేతకాదు, నిజంగానే పాలు పెట్టారు. కిటికీలోంచి చూశాను. గిన్నెలో పాలు పొంగి స్టవ్వు మీదికి కారిపోతున్నాయి. ఆయన కట్టెయ్యలేదు. దొడ్డివైపు వీపు పెట్టి, గోడకేసి చూస్తూ, మా అందరి పనీ అయ్యేదాకా అలాగే నిలబడ్డారు.