కట్టె తాకించని కప్పు

మా సర్దారు పెద్దబాపు పోయాడన్న కబురు నాకు ఇంటర్వ్యూ మధ్యలో వచ్చింది. భూపాలపల్లిలో మా ముందుగదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ తలుపు తోసి, "పెద్దబాపు పోయిండే, లే!" అని ఏడుస్తూ పక్కింటికి పరుగెత్తింది. మావాళ్ళు పోయారండీ, వెళ్ళాలి అన్నాను. తెరమీది మనిషి "అయ్యో, సారీ. ఒక్కటే ప్రశ్న, అయిపోతుంది" అన్నాడు. మొత్తం అనుభవం ఎన్నేళ్ళని అడిగాడు. ఐదు అన్నాను. నాది రెండేళ్ళే. చావుకబురు చెవిలో ఉండగానే ఆ మాట అన్నాను, పైగా నవ్వుతూ అన్నాను. వాడి మీద ఛీ అనిపించింది. నా మీద అంతకు నాలుగింతలు.

ఆయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. పెద్దవంగర దిక్కు నుంచి వయసులో బొగ్గు బాయి పనికి వచ్చి, సర్దారుగా రిటైరయ్యాడు. సర్దారంటే పెద్ద అధికారి అనుకునేరు. పనివాళ్ళకంటే ముందు గనిలోకి వెళ్ళి, పొడుగాటి కట్టెతో పైకప్పును తట్టి చప్పుడు వినడం ఆయన పని. గట్టిగా మోగితే అందరినీ రమ్మనాలి, బోలుగా మోగితే ఆపెయ్యాలి. ఆ సంగతి పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. అమ్మ కొన్న ప్రతి కుండనూ తట్టి చూసేవాడు. ఎన్నికలప్పుడు ఒక పెద్దమనిషి మా వాడకొచ్చి గంటసేపు మాట్లాడి వెళ్ళాక, పెద్దబాపు తీరిగ్గా చుట్ట ముట్టించి "బోలు" అన్నాడు. మేమంతా పడీపడీ నవ్వాం.

హైదరాబాదులో నా ఉద్యోగం ఊడి పది నెలలైంది. మనమంతా ఒకే కుటుంబం అని వారంవారం కేకు కోయించిన కంపెనీ, పావుగంట కాల్‌లో నలభై మందిని ఇంటికి పంపింది. ఇంటికొచ్చి పడ్డాను. పొద్దున లేస్తే దరఖాస్తులు, మధ్యాహ్నానికి "దురదృష్టవశాత్తు" అని మొదలయ్యే మెయిళ్ళు. మనిషి చదివి వద్దంటే ఏడ్వచ్చు, చదివింది మనిషే కాదాయె, ఏదో ప్రోగ్రాము! ఇక ఫోన్ తెరిస్తే ఎవడో కారుకు ఆనుకుని నిలబడి, కసి ఉంటే ఉద్యోగం అదే వస్తుందని చెబుతుంటాడు. నాకు కసి రాలేదు, వాంతి వచ్చింది. జనగామ మేనమామ అయితే రెండ్రోజులకోసారి ఫోన్ చేసి "ఇంకా రాలేదానె?" అని అడిగేవాడు.

పెద్దబాపు ఆ మాట ఎన్నడూ అడగలేదు. "ఇయ్యాల ఏం పని చేసినవ్ బిడ్డా?" అనేవాడు. ఒకరోజు నాకు ఒళ్ళు మండింది.

"నౌకరే లేదు, పనేంది పెద్దబాపూ!"

"నౌకరి వాళ్ళియ్యాలె. పని నువ్వు చెయ్యరాదా? నాకు కండ్లు కనవడ్తలేవు, పేపరు సదివిపెట్టే మిషిని చెయ్యి."

రోషంతో చేశాను. పేపరును ఫోనుతో ఫొటో తీస్తే పైకి చదివి వినిపించే ప్రోగ్రాము అది. మొదటిసారి విని ఆయన మొహం చిట్లించాడు. "గీనె ఎవలే? మన దిక్కు మనిషి కాదు. ఊపిరి గూడ పీల్చుకుంట లేడు." మర్నాడు ఆగాల్సిన చోట ఆగేలా దిద్దాను. ఆ మర్నాడు మరో తప్పు పట్టాడు. అలా నెలల తరబడి నేను పొద్దున్నే మంచం దిగడానికి ఒక కారణం ఉండింది. అందుకు ఆయనకు నేను ఎంత రుణపడ్డానో ఆయనకు ఒక్కసారైనా చెప్పలేదు.

అయినా మనసు కుళ్ళింది. హైదరాబాదులో ఉద్యోగాలిప్పించే ఒక కన్సల్టెన్సీకి పోయాను. ఇరుకు గదిలో ముప్పై మందిమి, ఎన్నడూ చేయని ప్రాజెక్టులను ఎక్కాల్లా వల్లెవేస్తున్నాం. లేని కంపెనీ పేరుతో మూడేళ్ళ సర్టిఫికెట్ ఇస్తారు. "అబద్ధం కాదమ్మా, అందరూ చేసేదే" అన్నాడు అక్కడి మనిషి, పళ్ళు కుట్టుకుంటూ. రోత పుట్టింది. రోతతోనే ఒప్పుకున్నాను.

ఇంటికొచ్చి పెద్దబాపుకు చెప్పాను. ఆయన చుట్ట పక్కన పెట్టాడు.

"ఒకనాడు జరం తోటి డ్యూటీకి పోయిన. ఆఖరికి ఒక్క జాగ మిగిలింది. రోజూ సూసేదే గదా అని, కట్టె తాకియ్యకుండనే మంచిగున్నదని రాసి దస్తకత్ చేసిన. గంటకు కప్పు కూలింది. నాతోటోని కాలు పోయింది. సార్లొచ్చి నా పుస్తకం సూసిండ్రు. పుస్తకంల మంచిగనే ఉన్నది. నీదేం తప్పు లేదన్నరు."

"నువ్వేమన్నవ్?"

"ఏమనలే. ఇయ్యాల్టిదాంక ఎవలకూ చెప్పలే."

"అయితే నన్ను వద్దంటవా?"

"నేనెవన్ని బిడ్డా, వద్దనెటందుకు? నీ దస్తకత్ నీది."

విన్నాను. విని ఏం చేశాను? నెల తిరక్కుండా కెమెరా ముందు కూర్చుని ఐదేళ్ళన్నాను.

ఆయన పోయిన నాలుగో రోజు ఆ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఎంపికయ్యారు, అనుభవం కాగితాలు పంపండి అని. దొంగ సర్టిఫికెట్ నా దగ్గర సిద్ధంగా ఉంది. అమ్మకు కూడా చెప్పకుండా వారం రోజులు ఆ మెయిల్‌ను తెరిచి చూడడం, మూసేయడం.

పదకొండో రోజు దినాలకు నర్సింహులపేట నుంచి చంకకర్రతో ఒక ముసలాయన వచ్చాడు. ఒక కాలు మోకాలి దాకే ఉంది. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాను. అడక్కుండానే చెప్పుకొచ్చాడు.

"పోయిన నెల సర్దారు మా ఇంటికొచ్చిండు. కండ్లు సక్కగ కనవడయి, తొవ్వ అడుక్కుంట అడుక్కుంట వచ్చిండు. ఆనాడు నేను కట్టె తాకియ్యలే, నీ కాలు నా వల్లనే పోయింది అన్నడు. ఇన్నేండ్లకు ఎందుకు చెప్తున్నవయా అన్న."

"ఏమన్నడు?"

"మా పక్కింటి ఆడివిల్లకు చెప్పిన, చెప్పినకాన్నుంచి నిద్ర పడ్తలేదు అన్నడు."

ఖాళీ గ్లాసు అందుకున్నాను. "మీకు కోపం రాలేదా?" అన్నాను.

"రాకేం? కడుపులున్నదంత తిట్టిన. కూసోని అన్నీ విన్నడు. అన్నం పెట్టిన, తిని పోయిండు."

ఆయన్ను భోజనానికి కూర్చోబెట్టి ఇంట్లోకి వెళ్ళాను. నా అనుభవం రెండేళ్ళే, ఇంటర్వ్యూలో చెప్పింది అబద్ధం అని ఆ కంపెనీకి రాసి పంపాను. అరగంటలో జవాబు వచ్చింది. దురదృష్టవశాత్తు అనే మొదలైంది.

బయటికి వచ్చేసరికి ఆయన బస్సుకు వేళైందని లేస్తున్నాడు. గడప బయట దినాలకు వచ్చినవాళ్ళ చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. ఆ జతల నడుమ వెతికి, ఆయన ఒక్క చెప్పును తీసి, వేసుకోవడానికి వీలుగా కాలి ముందు పెట్టాను.