గూబ కక్కిన పుర్రెలు

నాలుగేళ్ల కింద, గుడ్లగూబల మీద పరిశోధన చేసే కవిత అనే అమ్మాయి జఫర్‌గఢ్ దగ్గరి మా ఊరికి వచ్చి మా ఇంట్లోనే ఉంది. మా పొలంలోని పాత మోటరు గదిలో గూబల జంట గుడ్లు పొదిగి మూడు పిల్లలను చేసింది. గూబ ఎలుకను మింగి, అరగని బొక్కలను ఉండలా కక్కేస్తుందట. కవిత ఆ ఉండలు విప్పి ఎలుక పుర్రెలు ఏరేది.

"పెద్దమ్మా, నేను చెప్తే అందరు ఆవులిస్తున్నరు. గూబ మన వరికి కావలి అని జర నువ్వు చెప్పరాదు" అంది.

మర్నాడు నాట్ల దగ్గర మొదలుపెట్టాను.

"మా గూబ పుర్రెలు కక్కుతదే!"

ఆడవాళ్లంతా నాటు ఆపేశారు.

"అవ్వో! ఎవల పుర్రెలక్కా?" అంది మల్లమ్మ.

"ఆగరాదే, చెప్త" అని ఊరించాను. అంతలో పెద్ద వాన. అందరూ ఇళ్లకు ఉరికారు.

తెల్లారి చూస్తే, ఎవరో భయపడి ఆ గదికి పొగపెట్టారు. మూడు పిల్లలూ చచ్చిపడి ఉన్నాయి. మల్లమ్మ అంది, "ఎలుకలయని ముందుగాల్నే చెప్పద్దా అక్కా?"

ఇప్పుడు ఏం చెప్పినా అసలు మాటే ముందు చెబుతాను. వినేవాళ్లు ఆవులిస్తే ఆవులించనీ.

– సోమలక్ష్మి, జఫర్‌గఢ్ మండలం